హోటల్ స్టాఫ్ ఇఎస్‌ఐ, పిఎఫ్ పనులు ఎవరి చేతిలో పెట్టాలి? నాలుగు దారులూ నడిచి చూశాక

మా హోటల్‌లో పదో మనిషి గిన్నెలు తోమడానికి వచ్చాడు. మొదట ఆదివారాలు మాత్రమే రమ్మన్నాను. రెండు వారాలు తిరిగేసరికి రోజూ రావడం మొదలైంది. కౌంటర్ సొరుగులో ఉండే హాజరు పుస్తకంలో పదో గీత మీద అతని పేరు రాసి, పక్కన 'రోజుకూలీ' అని పెట్టాను. రోజుకూలీ కదా, లెక్కలోకి రాడని నా ధీమా. వస్తాడు. ఆ పదో గీతతోనే ఇఎస్‌ఐ (పనివాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిధిలోకి వెళ్లిపోయామని నాకు నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు.

అప్పటి నుంచి ఈ పనిని నాలుగు రకాలుగా చేసి చూశాను. నేనే కూర్చుని చేశాను. కన్సల్టెంట్‌కు అప్పగించాను. జీతాల లెక్కలు చేసే పేరోల్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. కొంతకాలం సగం మందిని కాంట్రాక్టర్ ద్వారా తీసుకున్నాను. ఏపీలోనో తెలంగాణలోనో మెస్సో, టిఫిన్ సెంటరో, బిర్యానీ హోటలో నడుపుతూ, వీటిలో ఏ దారి పట్టాలో తేలనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు తలలు లెక్కపెట్టండి

ఎవరికి అప్పగించాలన్నది తర్వాతి మాట. ముందు మీకు ఏం వర్తిస్తుందో తెలియాలి. పాత కార్మిక చట్టాల్లో చాలావాటి స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. పేర్లు మారాయి గానీ, హోటల్ యజమాని నిద్ర చెడగొట్టే ఆ రెండు అంకెలు, 10, 20, అలాగే ఉన్నాయి.

| ఎంతమంది ఉంటే | ఏం వర్తిస్తుంది |
|---|---|
| ఒక్కరున్నా | కనీస వేతనం, నెల జీతం తర్వాతి నెల 7లోపు, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, వారానికో సెలవు, 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు |
| 10 నుంచి | ఇఎస్‌ఐ (నెల జీతం 21,000 వరకు), గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసుకు ఇచ్చే మొత్తం), ప్రతి ఒక్కరికీ నియామక పత్రం, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ |
| 20 నుంచి | పైవన్నీ, వాటితోపాటు పిఎఫ్ (భవిష్య నిధి), బోనస్ |

షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని పట్టికలో పెట్టలేదు. రెండు రాష్ట్రాలదీ 1988 నాటి చట్టమే అయినా, పని గంటల విషయంలో ఇప్పుడు ఎవరి దారి వారిది. మీ రాష్ట్ర కార్మిక శాఖ పోర్టల్‌లో చూసుకోండి.

తలలు లెక్కపెట్టేటప్పుడు మనవాళ్లు చేసే తప్పులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. రోజుకూలీని, పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చే ఎక్స్‌ట్రా మనుషుల్ని, కాంట్రాక్టర్ పంపిన క్లీనర్లని వదిలేస్తారు. అందరూ లెక్కలోకి వస్తారు. ఒకే యజమానికి రెండు బ్రాంచీలుంటే, ఇక్కడ 12, అక్కడ 11 అని విడివిడిగా చూపిస్తే కుదరదు. పిఎఫ్ వాళ్లు రెండూ కలిపి 23 అంటారు. బావమరిది పేరు మీద ఇంకో లైసెన్సు తీసుకుందామన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. వంటగది ఒకటే, కౌంటర్ ఒకటే, డబ్బు చేరేదీ ఒకే చోటికి అయితే ఆ గోడ నిలబడదు. ఇంకోటి, 20 దాటి పిఎఫ్‌లోకి వెళ్లాక మళ్లీ 17కు పడిపోయినా బయటికి రాలేరు.

డబ్బు లెక్క కూడా ఒకసారి చూద్దాం. వడ్డించే సప్లయర్ ఒకడి జీతం 14,000, అలవెన్సులేమీ లేవనుకోండి. మీ దగ్గర 15 మంది ఉంటే ఇఎస్‌ఐ ఒక్కటే: అతని జీతంలో 0.75 శాతం అంటే 105, మీ వాటా 3.25 శాతం అంటే 455. అదే 20 మంది అయితే పిఎఫ్ వచ్చి కూర్చుంటుంది. అతని నుంచి 12 శాతం, 1,680. మీ నుంచి అడ్మిన్ చార్జీలు, ఇన్సూరెన్స్ కలిపి 13 శాతం, 1,820. అప్పుడు మీ జేబులోంచి 16,275 వెళ్తాయి, అతని చేతికి 12,215 వస్తాయి. మధ్యలో 4,060.

హోటల్ పనివాడు జీతం మాట్లాడేటప్పుడు 'చేతికి ఎంత' అనే అడుగుతాడు. 14,000 అని ఒప్పుకుని, నెలాఖరున 12,215 చేతిలో పెడితే మర్నాడు పక్క హోటల్‌లో ఉంటాడు. అందుకే పద్దెనిమిదో మనిషిని తీసుకునే రోజునే కొత్త జీతాల లెక్క వేసుకోవాలి. ఇరవయ్యో మనిషి వచ్చాక మాట్లాడితే గొడవే.

జీతాన్ని బేసిక్ 4,000, మిగతాదంతా అలవెన్సు అని రాసి పిఎఫ్ తగ్గించుకునే పాత కిటుకు ఇక పనిచేయదు. కొత్త వేతన నిర్వచనం ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని మళ్లీ వేతనంలో కలుపుతారు.

లెక్క తేలింది కదా, ఇక దారులు. ప్రతి దారినీ నేను మూడు ప్రశ్నలతో చూస్తాను. నెలకు నా టైమ్ ఎంత తింటుంది? తప్పు జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది? రాత్రి తొమ్మిదింటికి ప్రమాదం జరిగితే కాగితం నా చేతిలో ఉంటుందా? మూడోది చాలామంది అడగరు. మొదట్లో నేనూ అడగలేదు.

మీరే చేసుకోవడం

పది మందిలోపు ఉంటే ఇదే సరైన దారి. ఈ స్థాయిలో ఇఎస్‌ఐ, పిఎఫ్ లేవు. ఉండాల్సింది హాజరు పుస్తకం, జీతాల రిజిస్టర్, జీతం ఇచ్చినట్టు రుజువు, అడ్వాన్సుల లెక్క. నెలకు ఒక సాయంత్రం పని. జీతం 15,000 దాటినవాళ్లుంటే వృత్తి పన్ను పట్టుకోవాలి: 20,000 వరకు 150, ఆపైన 200.

కనీస వేతనం మాత్రం ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి. కరువు భత్యం ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మారుతుంది. మన హోటళ్లలో మాస్టర్ల జీతాలు ఎటూ దాన్ని దాటేస్తాయి. చిక్కంతా క్లీనర్లు, హెల్పర్ల దగ్గరే.

ఈ దారిలో పెద్ద లోటు ప్రమాదాలు. ఇఎస్‌ఐ లేదు కాబట్టి పూరీ బాణలి మీద చేయి కాలినా, తడి నేల మీద జారి నడుము విరిగినా నష్టపరిహారం నేరుగా మీ మీద పడుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీలు ఇస్తాయి. పది మందిలోపు హోటల్ నడిపేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, మిగతావి తర్వాతైనా చేసుకోవచ్చు.

పది దాటాక కూడా సొంతంగా చేయవచ్చు. ఇఎస్‌ఐ పోర్టల్ మరీ అంత కష్టమేమీ కాదు, తర్వాతి నెల 15లోపు కట్టాలి, అంతే. నేను ఏడు నెలలు చేశాను. ఎనిమిదో నెల దసరా రద్దీలో 15వ తేదీ ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా చూసుకోలేదు.

లేబర్ కన్సల్టెంట్

మన ఊళ్లలో ఎక్కువమంది పట్టేది ఈ దారే. పది నుంచి నలభై మంది ఉన్న హోటల్‌కు నా ఓటు కూడా దీనికే, కొన్ని షరతులతో. ఫీజు ఊరిని బట్టి, తలల సంఖ్యను బట్టి ఉంటుంది. ఒక హెల్పర్ జీతంతో పోల్చినా చిన్న మొత్తమే. రిజిస్ట్రేషన్, నెలనెలా చలాన్లు, రిటర్నులు, నోటీసు వస్తే జవాబు, అన్నీ అతనే చూస్తాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఏ కాగితం చూపించాలో తెలిసిన మనిషి పక్కన ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇక దీనిలోని చిక్కులు. ఒకసారి రాత్రి మా పూరీ మాస్టర్ చేతి మీద నూనె పడింది. ముంజేతి నుంచి మోచేయి దాకా బొబ్బలు. ఇఎస్‌ఐలో ఉన్నాడు, నెలనెలా కడుతున్నాం, ధైర్యంగానే ఆటో ఎక్కించాను. ఆసుపత్రిలో ఇ-పెహచాన్ కార్డు (ఇఎస్‌ఐ గుర్తింపు కార్డు) అడిగారు. ఆ కార్డు పోర్టల్‌లోంచి ఒక్క నిమిషంలో ప్రింట్ తీసుకోవచ్చు. మా కార్డులన్నీ కన్సల్టెంట్ కంప్యూటర్‌లో ఉన్నాయి, లాగిన్ కూడా అతని దగ్గరే ఉంది, అతని ఫోన్ స్విచాఫ్. మాస్టర్ నొప్పితో అరుస్తుంటే నేను అతని ఐపీ నంబర్ (ఇఎస్‌ఐ బీమా నంబర్) కోసం పాత వాట్సాప్ మెసేజ్‌లు వెతుకుతూ నిలబడ్డాను. చివరికి ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్లి సొంత డబ్బు కట్టాను. పనిలో గాయపడి ఆగిపోయిన రోజులకు జీతంలో 90 శాతం ఇఎస్‌ఐ ఇస్తుంది. ఆ సాయం మాత్రం తర్వాత అతనికి అందింది.

మర్నాడే అందరి కార్డులూ ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి, కౌంటర్ సొరుగులో హాజరు పుస్తకం పక్కన పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

రెండో చిక్కు డబ్బు. మాకు తెలిసిన ఇంకో హోటల్ యజమాని చలాన్ డబ్బు నెలనెలా కన్సల్టెంట్‌కు నగదుగా ఇచ్చేవాడు. ఐదు నెలలు అతను కట్టలేదు. పిఎఫ్ ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు బకాయి మీద నెలకు 1 శాతం చొప్పున జరిమానా. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. పనివాళ్ల జీతంలోంచి పట్టుకున్న వాటా కట్టకపోతే అది క్రిమినల్ కేసు దాకా పోగలదు. కేసు పడేది యజమాని మీద, కన్సల్టెంట్ మీద కాదు.

అందుకే నా షరతులు ఇవి. పోర్టల్‌లో మీ మొబైల్ నంబర్, మీ మెయిల్ ఉండాలి. ఓటీపీ మీకు రావాలి, మీరు చెబితేనే అతను వాడాలి. చలాన్ అతను తయారు చేస్తాడు, డబ్బు మాత్రం మీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వెళ్లాలి. పిఎఫ్ నడిపే ఇపిఎఫ్ఓ సైట్‌లో మీ హోటల్ పేరు కొడితే నెలవారీ చెల్లింపులు ఎవరికైనా కనిపిస్తాయి, పాస్‌వర్డ్ అక్కర్లేదు. నెలకోసారి 16వ తేదీన అది చూడటానికి రెండు నిమిషాలు చాలు. దీనికి ఒప్పుకోని కన్సల్టెంట్ మనకొద్దు.

అతను చేయలేని పనులూ కొన్ని ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ల యుఎఎన్ (పిఎఫ్ సభ్యుడి నంబర్) ఇప్పుడు ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీసుకోవాలి. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కుర్రాడి ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. ఆధార్‌కు లింకైన సిమ్ ఊళ్లో అన్న దగ్గర ఉంటుంది. వాటిని కన్సల్టెంట్ ఆఫీసులో కూర్చుని సరిచేయలేడు. మీ హోటల్లో ఒకరు ఆ కుర్రాడి పక్కన కూర్చోవాల్సిందే.

సాఫ్ట్‌వేర్, లోపలి అకౌంటెంట్

వేలిముద్ర మెషీన్, పేరోల్ సాఫ్ట్‌వేర్, దాన్ని చూసుకునే అకౌంటెంట్, ఈ మూడూ కలిస్తేనే ఇది ఒక దారి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొని కౌంటర్ కంప్యూటర్‌లో వేసి మురిసిపోతే (నేను మురిసిపోయాను) మూడు నెలల్లో దాని పాస్‌వర్డే మర్చిపోతారు.

లెక్కల్లో తప్పు రాదు, పేస్లిప్ ఫోన్‌కు వెళ్తుంది, పోర్టల్‌లో ఎక్కించాల్సిన ఫైలు దానంతటదే తయారవుతుంది. రెండు మూడు బ్రాంచీలున్నవాళ్లకు, నలభై యాభై మంది దాటినవాళ్లకు ఇది లేకపోతే కష్టమే. కానీ హోటల్ షిఫ్టు దానికి ఓ పట్టాన అర్థం కాదు. పొద్దున ఐదున్నరకు వచ్చి పదకొండుకు వెళ్లి, సాయంత్రం నాలుగుకు మళ్లీ వచ్చే దోశ మాస్టర్‌ను అది ఒకసారి గైర్హాజరు అంటుంది, ఇంకోసారి పదిహేడు గంటలు పని చేశాడంటుంది. పిండి చేతులతో వేలిముద్ర పడదు. ముఖం చూసి హాజరు వేసే మెషీన్ తీసుకోండి, లేదా స్ప్లిట్ షిఫ్టును ముందే సెట్ చేయించుకోండి.

నోటీసు వస్తే సాఫ్ట్‌వేర్ జవాబు రాయదు. కాబట్టి దీంతోపాటు కన్సల్టెంట్ కూడా కావాలి, అవసరమున్నప్పుడు మాత్రమే.

మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్

వినడానికి అన్నిటికన్నా హాయిగా ఉండే దారి ఇదే. 'మీకెందుకు సార్, మనుషులు మావాళ్లు, పిఎఫ్ ఇఎస్‌ఐ మావి, మీరు బిల్లు కట్టండి చాలు' అంటారు. నేను పడ్డాను.

మొదటి దెబ్బ జీఎస్టీ. కాంట్రాక్టర్ బిల్లు మీద 18 శాతం పడుతుంది, మామూలుగా జీతాలతో కలిపిన మొత్తం మీద. మన రెస్టారెంట్లు కస్టమర్ దగ్గర 5 శాతం వసూలు చేసే పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు, ఉండదు. అంటే లక్ష బిల్లుకు 18,000 తిరిగిరాని ఖర్చు, దానికి తోడు అతని కమీషన్. ఫ్యాక్టరీలకు సరిపడే లెక్కను మనకూ అంటగడతారు.

రెండోది బాధ్యత. కాంట్రాక్టర్ పిఎఫ్, ఇఎస్‌ఐ కట్టకపోతే అసలు యజమానిగా మీరే కట్టాలి, ఆ తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. జీతం ఎగ్గొట్టినా అంతే. కాబట్టి చలాన్లు చూసే పని తప్పదు. పైగా మీ మనుషుల పేర్లు మాత్రమే విడిగా ఉన్న చలాన్ అడగాలి. అందరు క్లయింట్లనీ కలిపి ఒకే చలాన్ చూపించి 'కట్టేశాం' అంటే అందులో మీవాళ్లు ఉన్నారో లేదో తెలియదు.

మూడోది వంటగది. బిర్యానీ మాస్టర్‌ను కాంట్రాక్టర్ ద్వారా తీసుకున్న ఆర్నెల్లలో ముగ్గురు మారారు, మూడు రుచులు. కస్టమర్లు ముఖం మీదే అడిగారు. అప్పుడే ఆపేశాను. వాచ్‌మన్, హౌస్‌కీపింగ్, వాలే పార్కింగ్, పెద్ద బాంక్వెట్ ఉన్న రోజు ఎక్స్‌ట్రా సర్వీస్ మనుషులు, వీళ్లకు కాంట్రాక్టర్ ఫర్వాలేదు. పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు మాత్రం మన మనుషులే ఉండాలి.

పక్కపక్కన పెడితే

| | మీరే | కన్సల్టెంట్ | సాఫ్ట్‌వేర్, అకౌంటెంట్ | కాంట్రాక్టర్ |
|---|---|---|---|---|
| ఖర్చు | దాదాపు సున్నా | తక్కువ | మధ్యస్థం | అన్నిటికన్నా ఎక్కువ |
| మీ టైమ్ | నెలకు ఒకటి రెండు సాయంత్రాలు | గంట | మొదట్లో చాలా, తర్వాత తక్కువ | తక్కువనిపిస్తుంది, చలాన్ల తనిఖీ మాత్రం తప్పదు |
| నోటీసు వస్తే | మీరే తిరగాలి | అతను చూస్తాడు | మళ్లీ కన్సల్టెంట్ కావాలి | ఇద్దరూ తిరగాలి |
| బాధ్యత | మీదే | మీదే | మీదే | చివరికి మీదే |
| ఎవరికి నప్పుతుంది | 10 మందిలోపు | 10 నుంచి 40 | 40 పైన, బ్రాంచీలున్నవాళ్లు | వంటగది బయటి పనులకు |

మీ పరిస్థితి ఇదైతే

మొగుడూ పెళ్లాం కలిసి నడిపే టిఫిన్ సెంటర్, ఆరుగురు పనివాళ్లు: ఎవరికీ ఫీజు కట్టొద్దు. ఒక పుస్తకం, ఒక ఇన్సూరెన్స్ పాలసీ, జీతాలు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో.

ఎనిమిది మందితో మొదలుపెట్టి, ఏడాదిలో పదిహేను దాటుతుందని అనుకునేవాళ్లు: ఇప్పుడే కన్సల్టెంట్‌ను చూసి పెట్టుకోండి. తొమ్మిదో మనిషి దగ్గర మాట్లాడుకుంటే పదో మనిషి దగ్గర తడబడరు.

పద్దెనిమిది మంది దగ్గర ఆగిపోయి, 'ఇరవై దాటనివ్వను' అనుకునేవాళ్లు మనలో చాలామంది. తప్పేం లేదు. ఇద్దరు చేసే పని ఒకరి చేత చేయించి, ఆ ఒక్కరికీ ఓవర్‌టైమ్ రెట్టింపు ఇవ్వకపోతేనే తప్పు. అలాంటప్పుడు లెక్క వేసి చూడండి. పన్నెండు గంటల మనిషికి చట్టప్రకారం ఓవర్‌టైమ్ కట్టడం కన్నా ఇంకో మనిషిని పెట్టుకుని పిఎఫ్ కట్టడం చవక కావచ్చు. మా విషయంలో అదే తేలింది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ హోటల్‌లో పెట్టుబడి పెట్టినవాళ్లకు మాత్రం సాఫ్ట్‌వేర్, కన్సల్టెంట్ రెండూ కావాలి. మేనేజర్ ఒక్కడి మాట మీద వదిలేయకండి. చెల్లింపులు ఇపిఎఫ్ఓ సైట్‌లో అక్కడి నుంచే చూసుకోవచ్చు.

ఏ దారిలో ఉన్నా ఒక్క విషయంలో మాత్రం బేరం లేదు. హోటళ్లలో, ధాబాల్లో 14 ఏళ్లలోపు పిల్లల్ని పెట్టడం మీద నిషేధం 2006 అక్టోబర్ 10 నుంచే ఉంది. ఇప్పుడు శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 జరిమానా. ఏ కన్సల్టెంటూ దీన్ని సర్దలేడు. 'ఊరి నుంచి మా తమ్ముడొచ్చాడు, సెలవుల్లో ఉంటాడు' అని మాస్టర్ తీసుకొచ్చే కుర్రాడి ఆధార్ కూడా చూడండి.

ఒక దారి నుంచి ఇంకో దారికి మారేటప్పుడు

ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో మారండి. ఇఎస్‌ఐ చందా కాలం ఆ నెలల్లోనే మొదలవుతుంది కాబట్టి పాతవాడి లెక్క పాతవాడి దగ్గర తెగుతుంది. పాత కన్సల్టెంట్‌కు చివరి ఫీజు ఇచ్చే ముందే ఇవి తీసుకోండి: రెండు పోర్టళ్ల యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు, రిజిస్ట్రేషన్ లెటర్లు, అన్ని నెలల చలాన్లు, అందరి యుఎఎన్, ఐపీ నంబర్ల జాబితా, మానేసినవాళ్ల నిష్క్రమణ తేదీలు. ఆ తేదీలు వేయకుండా వదిలేస్తే రెండేళ్ల క్రితం వెళ్లిపోయిన తందూర్ మాస్టర్ తన పిఎఫ్ డబ్బు రావడం లేదని కౌంటర్ ముందు నిలబడతాడు, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకు, టేబుళ్లన్నీ నిండి ఉన్నప్పుడు.